ఏటి అవతలి టైము

మా ఇంట్లో హాలుకి ఒక టైము, వంటగదికి ఒక టైము. హాల్లో సోఫా మీద కూర్చుని ఫోన్ చూస్తే అమెరికా టైము. అదే ఫోన్ పట్టుకుని వంటగది కిటికీ దగ్గరికి వెళితే గంట ముందుకు దూకుతుంది, కెనడా టైము. ఆ కిటికీలోంచి చూస్తే మా పెరడు, పెరడు చివర నది, నదికి అవతల కెనడా. వాళ్ళ టవరు సిగ్నల్ మా టవరుకంటే బలంగా ఉంటుంది. ఫోన్‌కి ఏది అందితే ఆ దేశానికి వెళ్ళిపోతుంది. దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, వీసా స్టాంపింగ్ అక్కర్లేదు.

ఈ ఊరు వచ్చిన కొత్తలో ఒకరోజు గిన్నెలు కడుగుతుంటే ‘కెనడాకు స్వాగతం’ అని మెసేజ్ వచ్చింది. వీసా మీద బతికేవాళ్ళం, తెలియకుండా దేశం దాటేశామేమోనని సబ్బు చేతులతో హాల్లోకి పరిగెత్తాను. మా ఆయన లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా, “నువ్వు దాటలేదు, ఫోన్ దాటింది” అన్నారు.

అమెరికా మ్యాపులో కుడివైపు పైమూల, మెయిన్ అనే రాష్ట్రానికి ఉత్తరపు కొన మా ఊరు. ఇక్కడి చిన్న ఆసుపత్రిలో నేను ఫిజియోథెరపిస్టుని. తుంటి విరిగినవాళ్ళని, మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళని లేపి నడిపించడం నా పని. చుట్టూ బంగాళాదుంప పొలాలు. దుంపలు తవ్వే రోజుల్లో స్కూళ్ళకి సెలవులిస్తారు. చలికాలంలో నది గడ్డకట్టి పిల్లలు దాని మీద ఆడుకుంటారు. వసంతంలో ఆ మంచు పగిలి కదిలే రోజున ఊరంతా ఒడ్డు మీదికి వచ్చేస్తుంది. మొదటిసారి దాన్ని, నడక నేర్చుకోవడానికి వచ్చిన పేషెంట్లతో కలిసే చూశాను. చక్రాల కుర్చీలు తోసుకుంటూ పరిగెత్తాం. గదులంత మంచు పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, మీదికెక్కుతూ, ఫెళఫెళమంటూ పోతున్నాయి. నా ఒళ్ళంతా పులకరించింది. గోదావరి వరద చూసి పెరిగినదాన్ని నేను, నది అంటే అంత తేలిగ్గా బెదిరేదాన్ని కాను. అయినా ఆ రోజు నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఈ ఊరు వదిలేది లేదని అక్కడే నిశ్చయించుకున్నాను.

నేనొక్కదాన్నీ నిశ్చయించుకుంటే చాలదు కదా. ఆ ఊరు వదిలి వచ్చేయమని మా వాళ్ళంతా ఒక్కమాట మీద ఉన్నారు. అక్క క్యారీలో, మరిది నేపర్‌విల్‌లో, స్నేహితులంతా షాంటిలీలో, అన్నీ తెలుగువాళ్ళు నిండిన ఊళ్ళే. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి అని నన్ను ఆడిపోసుకోని ఫోన్ కాల్ లేదు. పోయిన వేసవిలో వాళ్ళకి బలం దొరికింది. షాంటిలీ ఆఫీస్‌కి మారితే ప్రమోషన్ ఇస్తామని మా ఆయన కంపెనీ వాళ్ళు అన్నారు. మారకపోతే ఇప్పటిలాగే ఇంటి నుంచి పని చేసుకోవచ్చు. ఏదో ఒక మాట ఆగస్టులో ఒక సోమవారానికల్లా చెప్పాలి.

మేమిద్దరం వారంపాటు పోట్లాడుకున్నాం. మా ఆయన నెమ్మదస్తుడు, గొడవ పెరిగితే తప్పించుకునే దారి చూస్తారు. ఈసారి మా అమ్మని అడ్డం పెట్టుకున్నారు.

“అత్తయ్య ఎలాగూ ఇక్కడే ఉన్నారు. ఆవిడ ఏమంటే అదే చేద్దాం. నాకు ఓకే.”

నాకు ఒళ్ళు మండింది. అమ్మ ఏమంటుందో ఆయనకి తెలియక కాదు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. కానీ అమ్మ మాట వద్దంటే నేనేం కూతుర్ని? సరేనన్నాను. దాంతో నా ఊరు, నా నది, నా ఉద్యోగం అన్నీ అమ్మ నోటిమాట మీద నిలబడ్డాయి.

అమ్మ రాజమండ్రిలో బ్యాంకు క్యాషియర్‌గా చేసి రిటైరైంది. చలికి భయపడి నాన్న రానంటే ఒక్కతే విమానమెక్కింది. నెలన్నర క్యారీలో అక్క దగ్గర ఉండి, జూన్‌లో మా దగ్గరికి వచ్చింది. క్యారీలో పొద్దున్నే వాకింగ్‌కి వెళితే దారిపొడుగునా తెలుగువాళ్ళే. పక్క వీధిలో గుడి, వారానికో పుట్టినరోజు, మూడు కూరలు ఆరు పచ్చళ్ళు. అక్కడి నుంచి వచ్చిన మనిషికి మా ఊరు ఎలా ఉంటుంది?

“ఇదేం ఊరే? మనిషికి మనిషి కనపడడు. కొత్తిమీర కట్ట కావాలంటే రోజంతా డ్రైవ్ చేయాలి. ఇప్పటిదాకా నేను చూసిన బంధువు ఆ దుప్పి ఒక్కటే.”

దుప్పి అంటే మా పెరట్లోకి అప్పుడప్పుడూ వచ్చే మూస్. గుర్రమంత ఉంటుంది. అమ్మ దానికి అరటితొక్కలు వేయబోతే నేను చెయ్యి పట్టి ఆపాను.

అమ్మకి అన్నిటికంటే చిరాకు తెప్పించింది ఫోన్ టైము. జీవితమంతా కౌంటరు సరిగ్గా టైముకి తెరిచి, టైముకి మూసిన మనిషి. గడియారం గదిగదికీ మారితే ఊరుకుంటుందా? రెండు రోజులు చూసి తీర్పు చెప్పేసింది.

“నేనుండేది వంటింట్లో. నా టైము ఇదే.”

అప్పటి నుంచి మా ఇంట్లో అమ్మ కెనడా టైములో, మేము అమెరికా టైములో బతికాం. మధ్యాహ్నం భోజనం గంట ముందే టేబుల్ మీదికి వచ్చేది. మీటింగ్‌లో ఉన్న మా ఆయన మ్యూట్ నొక్కి, ముద్దపప్పు కలుపుకునేవారు.

ఇలా ఉండగా పక్కింటావిడ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటుంది. తుంటి విరిగినప్పుడు ఆవిడని నడిపించింది నేనే. ఇప్పుడు చేతికర్రతో ఊరంతా తిరుగుతుంది. ఈ ఊళ్ళో పాతవాళ్ళది ఫ్రెంచి. నదికి రెండువైపులా ఒకే కుటుంబాలు, మధ్యలో సరిహద్దు వచ్చి పడిందంతే. ఈవిడ అక్క అవతలి ఒడ్డు ఊళ్ళో ఉంటుంది. మనం పక్క వీధికి వెళ్ళొచ్చినట్టు వంతెన దాటి వచ్చిపోతుంటుంది.

పక్కింటావిడ ఒక పళ్ళెం నిండా పసుపుపచ్చని అట్లు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. వీటిని ఇక్కడ ప్లాయ్ అంటారు. బక్‌వీట్ అనే గింజల పిండిలో నీళ్ళు కలిపి, పెనం మీద పోసి, ఒకవైపే కాలుస్తారు. పైన సన్నని చిల్లులు పడతాయి. వెన్న రాసుకుని చుట్టుకుని తింటారు. అమ్మ ఒకదాన్ని ఎత్తి వెలుగులో పట్టుకుని చూసింది.

“చిల్లులు బాగానే పడ్డాయి. రెండోవైపు కాల్చలేదేమిటి, పాపం మర్చిపోయిందా?”

“మర్చిపోలేదమ్మా. ఒకవైపే కాలుస్తారు.”

“పచ్చిపిండి తింటే కడుపు నొప్పి రాదూ?”

ఆవిడ గుమ్మం దిగగానే అన్నిటినీ పెనం మీద వేసి తిరగేసి కాల్చి, అల్లం పచ్చడితో మాకు పెట్టింది. మర్నాడు పక్కింటావిడ వచ్చి, పళ్ళెంలో మిగిలిన ఆ రెండువైపులా కాలిన ప్లాయ్‌ని చూసింది. నేరుగా స్టవ్ దగ్గరికి వెళ్ళి, అమ్మని చెయ్యి పట్టి పక్కకి జరిపి, తను తెచ్చిన పిండితో కొత్తది పోసింది. అమ్మ అట్లకాడ తీసుకుంది. ఆవిడ దాన్ని లాక్కుని వీపు వెనక దాచుకుంది. నేను నవ్వలేక చచ్చాను.

ఆ రోజు నుంచి ఇద్దరికీ రోజూ తగువే, రోజూ రాజీయే. అమ్మకి బ్యాంకు ఇంగ్లీషు వచ్చు, ఆవిడకి ఫ్రెంచి కలిపిన ఇంగ్లీషు వచ్చు, చేతులు ఇద్దరికీ ఉన్నాయి. అమ్మ ఆవిడని మొదటి రోజే వదినగారూ అని పిలిచింది. అంటే ఏమిటని ఆవిడ నన్నడిగింది. అన్న భార్య అని చెబితే, ఆ అన్న ఎలాంటివాడో కనుక్కుని చెప్పమంది.

అయినా నాకు ఆశ పెట్టుకోవాలనిపించలేదు. ప్రతి సాయంత్రం అక్కతో ఫోన్‌లో అమ్మ అదే మాట. “సోమవారం కానీ, చెప్పేస్తాను. ఈ అడవిలో వీళ్ళెందుకు?”

ఆ సోమవారానికి ముందు శనివారమే ప్లాయ్ పండగ. ఏటా ఆగస్టులో నది ఒడ్డున మైదానంలో పెద్ద బొగ్గుల మంట వేసి, దాని మీద మా హాలంత ఇనుప పెనం పెడతారు. వీధికో బకెట్ చొప్పున పిండి తెచ్చి ఒక పెద్ద పీపాలో కలిపి, ఊరంతటికీ ఒకటే ప్లాయ్ పోస్తారు. మా వీధి పిండి ప్రతి ఏడూ పక్కింటావిడే కలిపేది. ఈసారి శుక్రవారం సాయంత్రం పిండి సంచీ, మూతున్న పెద్ద బకెట్ తెచ్చి అమ్మ ముందు పెట్టింది. పొద్దున లేచి నీళ్ళు కలిపి తీసుకురావాలి, అంతే. నా చేతులు నొప్పులు, ఈసారి నువ్వు కలుపు అంది.

అమ్మ ఆ బకెట్ వైపు కొంచెంసేపు చూసింది. తర్వాత చీర చెంగు నడుముకి దోపుకుంది. ఆ దోపుకోవడం చూసి నాకు హుషారొచ్చేసింది. రాజమండ్రిలో మా ఇంట్లో ఏదైనా పెద్ద పని మొదలయ్యేది దానితోనే.

శనివారం పొద్దున అమ్మ మమ్మల్ని కుదిపి లేపింది. “టైమైపోయింది, లేవండి. అక్కడ అందరూ వచ్చేసుంటారు.” తను అప్పటికే వెంకటగిరి చీర కట్టి, దాని మీద నా చలికోటు వేసుకుని సిద్ధంగా ఉంది. మా ఆయన కళ్ళు నులుముకుంటూ బకెట్ ఎత్తి కార్‌లో పెట్టారు. మైదానానికి వెళ్ళి చూస్తే మంట వేసేవాళ్ళు తప్ప ఎవరూ లేరు. చర్చి గడియారం చూశాక గాని నాకు తట్టలేదు, అమ్మ మమ్మల్ని కెనడా టైముకి లేపిందని.

డిక్కీ తెరిచాను. పుల్లటి వాసన గుప్పుమంది. బకెట్ మూత పైకి లేచి ఉంది. పిండి పొంగి, అంచుల మీదుగా కారి, కార్పెట్ మీద మడుగు కట్టింది.

“అమ్మా, దీన్ని ఎప్పుడు కలిపావు?”

“నిన్న సాయంత్రం.”

“పొద్దున కలపమంది కదా ఆవిడ.”

“అంది. పొద్దున కలిపి పొద్దునే పోస్తే అట్టుకి రుచి ఎక్కడినుంచి వస్తుందే? ఆవిడకి చేతకాక అలా చేసుకుంటోంది గానీ. ఇక్కడి చలికి పులుస్తుందో లేదోనని అవెన్‌లో లైటు వేసి పెట్టాను. మన దోసెల పిండి కూడా ఒక గరిటె వేశాను.”

ఆ పిండిలో పొంగడానికి కావలసిన పొడి ముందే కలిపి ఉంటుంది. కలిపిన పావుగంటలో పోసుకోవాలి. దాన్ని రాత్రంతా వెచ్చగా పెట్టి, మినపప్పు పిండి తోడు వేసి, మా వీధి పేరు మీద తీసుకొచ్చాం. అమెరికాలో తెలుగువాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు ఈ పని. నేనూ ఆ పనే చేసేదాన్నేమో అనిపించి ఇంకా కోపం వచ్చింది.

మా ఆయనకి నవ్వు ఆగడం లేదు. “గుట్టుచప్పుడు కాకుండా ఏట్లో పోసేద్దాం. ఇంకా గంట ఉంది కదా, ఇంటికెళ్ళి వేరే కలుపుకొద్దాం.”

“పిండి అయిపోయింది” అన్నాను.

“తినే పిండి ఏట్లో పోస్తారా అల్లుడుగారూ?” అంది అమ్మ. గొంతులో ఆ పొగరు తగ్గిపోయింది. ఏదో తప్పు జరిగిందని అర్థమైంది తనకి. కోటు జిప్పు మెడదాకా లాక్కుని నది వైపు తిరిగి నిలబడింది.

నాకు భయమేసింది. ఈ పూట ఊరందరి ముందూ అమ్మ తలదించుకుంటే ఎల్లుండి ఏమంటుందో వేరే చెప్పాలా? షాంటిలీలో అపార్ట్‌మెంటు బుక్ చేసుకోవచ్చు.

అప్పుడే పక్కింటావిడ చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. అందరికంటే ముందు రావడం ఆవిడ అలవాటు. డిక్కీలోకి వంగి చూసింది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. నేను ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపింది.

“ఇది పీపాలో పోయడానికి లేదు” అంది. “ఇక్కడి పిల్లలు తినరు. వాళ్ళకి అలవాటైన రుచే కావాలి.”

అమ్మకి ఆ మాటలు అర్థమయ్యాయి. క్షమించమని ఇంగ్లీషులో చెప్పింది. మా అమ్మ నోట క్షమించమనే మాట అంతవరకూ నేను ఏ భాషలోనూ వినలేదు. నాకు పక్కింటావిడ మీద మహా కోపం వచ్చింది. ముసలిదానివి, ఒక అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయిందని మనసులో తిట్టుకున్నాను.

ఆవిడ మాత్రం కదల్లేదు. ఇంకోసారి వేలు ముంచింది. తర్వాత మంట దగ్గరున్న కుర్రాళ్ళని కేకేసి, పిండి రుచి చూడటానికి వాడే చిన్న పెనాన్ని పక్కన విడిగా బొగ్గుల మీద పెట్టించింది. అమ్మ చేతికి గరిటె ఇచ్చి, పొయ్యమని సైగ చేసింది.

అమ్మ పోసింది. గరిటె అడుగుతో గుండ్రంగా తిప్పబోయి, ఆగి, దాని మానాన దాన్ని వదిలేసింది. ఒక్క క్షణంలో అట్టు నిండా చిల్లులు. పొద్దుటి ఎండలో జల్లెడలా ఉంది. అమ్మ చెయ్యి అలవాటుగా అట్లకాడ కోసం వెతుక్కుంది. పక్కింటావిడ చూపు చూసి వెనక్కి తీసుకుంది.

సరిగ్గా అప్పుడు వంతెన వైపు నుంచి అవతలి ఒడ్డు కార్లు రావడం మొదలుపెట్టాయి. వాళ్ళ గడియారాలు గంట ముందు కదా, పండగకి వాళ్ళెప్పుడూ మాకంటే ముందే తయారు. మొదటి కార్‌లోంచి పక్కింటావిడ అక్క దిగింది, చెల్లెలికంటే పొట్టి, చెల్లెలికంటే గయ్యాళి. చెల్లెలు ఆ అట్టుకి వెన్న రాసి చుట్టి చేతిలో పెట్టింది. అక్క కొరికింది. నములుతూ నములుతూ ఆగి చెల్లెలి వైపు చూసి ఫ్రెంచిలో ఏదో అడిగింది. చెల్లెలు అమ్మని చూపించింది.

నాకు ఫ్రెంచి రాదు. తర్వాత పక్కింటావిడే చెప్పింది, వాళ్ళ చిన్నప్పుడు ఇంట్లో పొయ్యి వెనక ఒక మట్టికుండ ఉండేదట. నిన్నటి పిండి కొంచెం మిగిల్చి ఇవాళ్టి పిండిలో కలిపేవాళ్ళట. సంచీ పిండి వచ్చాక కుండ పోయింది. ఆ పులుపు మళ్ళీ నాలికకి తగలడం ఇప్పుడేనట.

అక్క ఇంకోటి అడిగింది, తర్వాత ఇంకోటి. ఆవిడ వెనక అవతలి ఒడ్డు ముసలివాళ్ళు ఇద్దరు, వాళ్ళ వెనక నలుగురు నిలబడ్డారు. చర్చి గడియారం పండగ అసలు టైము చూపించే వేళకి మా చిన్న పెనం ముందు వరస మైదానం గేటుదాకా పాకింది. ఎక్కువమంది నెరిసిన జుట్టువాళ్ళే. నేను నడిపించిన మోకాళ్ళు, తుంటి ఎముకలు ఆ వరసలో బోలెడు. చిన్నపిల్లలు కొందరు కొరికి మొహం చిట్లించి ఉమ్మేశారు. అమ్మ వాళ్ళని తెలుగులోనే కసిరింది. “ఉమ్మకూడదు, తప్పు. ఇలా ఇవ్వు, పంచదార వేస్తాను.” వాళ్ళు కిక్కురుమనకుండా ఇచ్చారు.

అవతల పెద్ద పెనం మీద పీపా వంచారు. పొడుగాటి చెక్కపారలతో పదిమంది పిండిని అంచులదాకా తోస్తుంటే పసుపుపచ్చని చెరువు పరుచుకున్నట్టుంది. చిల్లులు పడుతుంటే జనం ఈలలు వేస్తున్నారు. ఫిడేళ్ళు మొదలయ్యాయి. నేను అక్కడికీ ఇక్కడికీ పరిగెత్తుతున్నాను, వెన్న డబ్బాలు మోస్తున్నాను, ఎవరికో అమ్మని చూపిస్తున్నాను, మా అమ్మే అని. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా లేదు. అమ్మ మాత్రం ఇటువైపు తలతిప్పలేదు. కౌంటరు ముందు జనం ఉండగా అమ్మ ఎన్నడూ తలెత్తిన మనిషి కాదు.

బకెట్ అడుక్కి వచ్చాక అమ్మ ఆపేసింది. మిగిలిన రెండు గరిటెల పిండిని డబ్బాలో పోసి పక్కింటావిడకి ఇచ్చింది. పిండి అయ్యేలోపు మళ్ళీ కలపాలని, ఎప్పుడూ కాస్త మిగల్చాలని చేతులతో చెప్పింది. ఆవిడ ఆ డబ్బాని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

జనం పలచబడ్డాక మా ఆయన ప్లేటు పట్టుకుని అమ్మ దగ్గరికి వచ్చారు. ఉదయం నుంచి ఆయన కూడా బొగ్గులు ఎగదోసి మసి పూసుకుని ఉన్నారు. నవ్వుతూనే అడిగారు గానీ, అడగాల్సిందే అడిగారు.

“మరి సోమవారం ఆఫీస్‌కి ఏం చెప్పమంటారు అత్తయ్యా?”

నా చేతిలో వెన్న డబ్బా అలాగే ఉండిపోయింది. పెనం మీద చివరి అట్టు ఒకటి ఉంది, అమ్మ దాన్నే చూస్తోంది.

“క్యారీలో నెలన్నర ఉన్నాను అల్లుడుగారూ. ఏ ఇంటికెళ్ళినా ఎంత మర్యాద చేశారో. మీరు కూర్చోండి ఆంటీ, మీరు కూర్చోండి ఆంటీ అన్నారు. నెలన్నరా కూర్చున్నాను.” చెంగుతో చేతులు తుడుచుకుంది. “ఇక్కడ నాకు బకెట్ ఇచ్చారు.”

మా ఆయన నా వైపు చూశారు. నేను నది వైపు చూశాను, లేకపోతే అక్కడే ఏడ్చేసేదాన్ని.

“అయితే ఆ చివరిది నాకు వేయండి” అన్నారాయన, ప్లేటు ముందుకు చాపి.

అమ్మ దాన్ని తిరగేయకుండానే తీసి వేసింది.